ఖరగ్‌పూర్ జిమ్ములో మీమాంస

అయ్యప్ప మాల వేసుకున్న మనిషిని కన్నతల్లి కూడా స్వామీ అనే పిలుస్తుంది. నలభై ఒక్క రోజులు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, బెంగాల్ డిసెంబరు చలిలో, రైల్వే క్వార్టరు వెనక కుళాయి కింద బకెట్టు నింపుకుని, పళ్లు టకటకలాడుతుండగా నెత్తిమీద చన్నీళ్లు కుమ్మరించుకుంటాడు. కాలికి చెప్పు ఉండదు, పడకకి పరుపు ఉండదు. సిగరెట్టునీ మందునీ దగ్గరికి రానివ్వడు. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి పలహారం, అంతే. ఎవరూ ఫోన్ చేసి లేపరు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక అదే మనిషి, పొట్ట తగ్గించుకోవాలని జనవరి ఆఖర్లో జిమ్ముకి వెళ్లి మూడు నెలల ఫీజు ఒక్కసారే కడతాడు. ఫిబ్రవరి దాటకుండానే కనిపించడం మానేస్తాడు.

ఒంటికి ఏది కష్టం? దీక్షే. జిమ్ములో ఫ్యానుంది, పాటలున్నాయి, అద్దాలున్నాయి, పక్కనే ట్రైనరున్నాడు. చన్నీళ్ల దగ్గర నిలబడ్డవాడు ఫ్యాను కింద నిలబడలేకపోయాడు. మరి ఇతనికి పట్టుదల లేదని ఎలా అంటాం?

మెంబర్లలో ఉత్సాహం నిలబెట్టడం ఎలా అన్నది కసరత్తు నేర్పి బతికేవాళ్లందరి తలనొప్పి. వాళ్లు మందు కోసం మనస్తత్వశాస్త్రం వైపు చూస్తారు, కొందరు మార్కెటింగ్ వైపు చూస్తారు. మనిషిని పనికి పురికొల్పేది ఏది, ఫలం కోరి చేసే పనికీ ఫలంతో నిమిత్తం లేకుండా చేసే పనికీ తేడా ఎక్కడ అన్నదాని మీద మన పండితులు వెయ్యేళ్లకు పైగా కొట్టుకున్నారని మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆ తగువుని మళ్లీ విప్పడానికి ఖరగ్‌పూర్ మంచి చోటు. ఒళ్లూ భక్తీ డ్యూటీ ఇక్కడ మొదటి నుంచీ ఒకే గుమ్మంలో కాపురం ఉన్నాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) ఈ ఎర్రమట్టి నేల మీద జంక్షనూ, ఆ వెంటే పెద్ద వర్క్‌షాపూ కట్టింది. 1902లో తూర్పుతీరపు లైనులో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న భాగం కూడా అదే కంపెనీ చేతికొచ్చింది. ఆ పట్టాల వెంటే సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం, విశాఖ పల్లెల జనం పైకి వచ్చారు. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా కుదురుకున్నారు. మథురాకాటిలోనూ నింపురాలోనూ ఇవాళ్టికీ సిక్కోలు యాస వినిపిస్తుంది. ఎండాకాలం అమ్మవారికి చేసే మాతాపూజకి ఆడవాళ్లు వేపాకు కట్టిన ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధుల వెంట నడుస్తారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాషల్లో చోటిస్తూ నిర్ణయం తీసుకున్నప్పుడు అందరి నోటా మొదట వచ్చిన పేరు ఖరగ్‌పూరే.

మొదట వచ్చిన ఆ తరానికి కసరత్తు మీద ఉత్సాహం ఎలా నిలబెట్టాలన్న ప్రశ్నే తెలియదు. వర్క్‌షాపు సైరన్ కూస్తే లేవాలి, లేకపోతే ఆ పూట జీతం పోయినట్టే. స్లీపర్ మోసినవాడికి దండీలూ బస్కీలూ వేరే అక్కర్లేదు. మోటుపని గుండెకి మేలు చేస్తుందా అన్న సంగతిని శాస్త్రవేత్తలు పరీక్షించిన తొలి చోట్లలో రవాణా ఉద్యోగాలు ఉండటం కాకతాళీయమే కావచ్చు, కానీ రైల్వే ఊరికి చెప్పుకోదగ్గ సంగతి. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని లాన్సెట్‌లో రాసింది. 1962లో హెన్రీ టేలర్ బృందం అమెరికా రైల్వేల్లో ముగ్గుర్ని పోల్చి చూసింది: ఆఫీసు గుమస్తా, యార్డులో పాయింట్లు మార్చే స్విచ్‌మన్, పట్టాల మీద పనిచేసే సెక్షన్ మనిషి. గుండెజబ్బు చావులు గుమస్తాల్లో ఎక్కువ, పట్టాల మనుషుల్లో తక్కువ, స్విచ్‌మన్లు మధ్యలో. మన లెక్కలో చెప్పాలంటే తాత గ్యాంగ్‌మన్, మనవడు బుకింగ్ క్లర్కు.

ఇందులో గ్యాంగ్‌మన్ బతుకుని పొగడటానికేమీ లేదు. ఎండలో ఆ పని చేసినవాడికి నడుం పోయింది, మోకాళ్లు పోయాయి, కొందరికి ప్రాణమే పోయింది. సైరన్ మాటకి తలొంచడం కూడా శాశ్వతం కాలేదు. 1927లో ఇదే వర్క్‌షాపు కార్మికులు సమ్మెకి దిగారు. ఆ రోజుల్లో బీఎన్ఆర్ కార్మికుల తరఫున నిలబడ్డ నాయకుల్లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి ఒకరు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. శరీరాన్ని బయటి ఆజ్ఞతో ఎంతకాలం నడిపించగలం అన్న ప్రశ్నకి ఈ ఊరు అప్పుడే ఒక జవాబు చెప్పేసింది.

మనవడి తరానికి వచ్చేసరికి సైరన్ పోయి షుగరు వచ్చింది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో 49.4 శాతం మందికి ఒంటికి చాలినంత కదలిక లేదు. మగవాళ్లలో అది 42 శాతమైతే ఆడవాళ్లలో 57 పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది మరీ పెద్దదేం కాదు: వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు వెళ్లొస్తే నాలుగు కిలోమీటర్లు దాటుతుంది, పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టుతో. జిమ్ము లేకపోవడం ఇక్కడ సాకు కాదు.

మరి లోపం ఎక్కడుంది?

వేదకర్మల అర్థాన్ని చర్చించే పూర్వమీమాంస శాస్త్రం కర్మల్ని మూడు రకాలు చేసింది. ఏదైనా కోరి చేసేది కామ్యం. దశరథుడు కొడుకుల కోసం చేసిన పుత్రకామేష్టి, వానల కోసం చేసే కారీరేష్టి ఆ కోవలోవి. గ్రహణస్నానంలాగా ఏదో ఒక సందర్భం వచ్చినప్పుడు చేసేది నైమిత్తికం. సంధ్యావందనం, అగ్నిహోత్రం లాంటివి నిత్యం. వాటికి కోరిక అక్కర్లేదు, సందర్భం అక్కర్లేదు, పొద్దు పొడిస్తే చాలు.

జిమ్ముల్లో కనిపించేదంతా దాదాపు కామ్యమే. చెల్లెలి పెళ్లికి పది కిలోలు తగ్గాలి. ఆర్పీఎఫ్ ఫిజికల్ టెస్టులో పరుగు గట్టెక్కాలి. డాక్టరు చెప్పిన అంకెకి షుగరు దిగాలి. ఇవేవీ తప్పుడు కోరికలు కావు. కాకపోతే పెళ్లి అయిపోతుంది, టెస్టు అయిపోతుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. కోరిక తీరినా పని ఆగుతుంది, తీరేలా లేకపోయినా ఆగుతుంది. ఖరగ్‌పూర్‌లో పట్టుదల మాట ఎత్తితే ధోనీ పేరు రాక మానదు. 2001 నుంచి రెండు మూడేళ్లు ఇక్కడే టికెట్ ఎగ్జామినర్‌గా డ్యూటీ చేస్తూ క్రికెట్ ఆడాడు కదా. సిక్కోలు వైపు చూస్తే వీరఘట్టంలో పుట్టిన వస్తాదు కోడి రామమూర్తి, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి కనిపిస్తారు. మల్లీశ్వరి తండ్రి కూడా రైల్వే మనిషే, రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. గోడమీద పెట్టుకోవడానికి ఇలాంటి బొమ్మలకి కొదవ లేదు. అయితే వాళ్లది కామ్యకర్మల్లో కల్లా పెద్దది, ఫలం మెడలో పడేది. యాభై రెండేళ్ల హెడ్ క్లర్కు ఏ పతకం కోసం పొద్దున్నే లేవాలి?

కామ్యానికీ నిత్యానికీ ఉన్న మరో తేడాని మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ ట్రైనర్లకి పనికొచ్చేది అదే. మీమాంసకి మూలమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ఒక చర్చ ఉంది. యాగంలో కొన్ని అంగాలు జరపలేకపోతే, ఏదో ఒక ద్రవ్యం దొరక్కపోతే, ఆ యాగం చేసినట్టా కానట్టా? మీమాంసకులు రెండు జవాబులిచ్చారు. కామ్యమైతే అన్ని అంగాలూ పొల్లుపోకుండా జరగాలి, ఒక్కటి తగ్గినా ఫలం రాదు, అంత శక్తి లేనివాడు మొదలుపెట్టకపోవడమే మేలు. నిత్యమైతే అలా కాదు. అది బతికినన్నాళ్లూ చేయాల్సింది. బతికినన్నాళ్లూ ప్రతిరోజూ అన్నీ అమరడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ప్రధానమైనది చేసి మిగతావి చేతనైనంత మేరకి చేస్తే సరిపోతుంది. యథాశక్తి అని మన ఇళ్లల్లో పూజ చివర పంతులుగారు అనే మాట వెనక ఇంత తర్కం ఉంది.

ఇప్పుడు జిమ్ములో మొదటి రోజు రాసిచ్చే చార్టు చూడండి. వారానికి ఆరు రోజులు, ఒక రోజు ఛాతీ, ఒక రోజు కాళ్లు, పొద్దున్న ఆరు గుడ్ల తెల్లసొన, కొత్త బూట్లు, ప్రోటీన్ డబ్బా. అన్ని అంగాలతో కూడిన కామ్యం. బుధవారం నైట్ షిఫ్టు పడుతుంది, కాళ్ల రోజు ఎగిరిపోతుంది. సోమవారం నుంచి ఫ్రెష్‌గా మొదలెడతాను మాస్టారూ అంటాడు. ఆ సోమవారం ఎప్పటికీ రాదు. చార్టుతో పాటు ఇంకో చిన్న చీటీ రాసిస్తే, ఏమీ కుదరని రోజు పది నిమిషాలు నడిచినా ఆ రోజు తప్పనట్టే లెక్క అని ముందే ఒప్పందం చేసుకుంటే, అతను కామ్యం నుంచి నిత్యానికి ఒక అడుగు వేసినట్టు. చాలామంది ట్రైనర్లు దీన్ని బద్ధకానికి లైసెన్సు ఇవ్వడం అనుకుంటారు. షిఫ్టు డ్యూటీల ఊళ్లో ఆ అభిప్రాయం నిలవదు.

తప్పిన రోజు సంగతేమిటి? సంధ్యావందనానికి వేళ దాటిపోతే మానెయ్యమని ఎక్కడా లేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని, వేళ తప్పినందుకు ప్రాయశ్చిత్తంగా ఒక అర్ఘ్యం అదనంగా వదిలి, మిగతాది మామూలుగా కానిచ్చేయడమే. ఒక్క దోసెడు నీళ్లతో లెక్క సరిపోతుంది. ఏడుపు లేదు, లెంపలు వాయించుకోవడం లేదు, మళ్లీ మొదటి నుంచీ రావడం అంతకన్నా లేదు. ఆ అదనపు అర్ఘ్యం చేసే పని ఒకటే: నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య తెగిన దారాన్ని ముడేస్తుంది.

దీనికి అనుకోని చోట నుంచి సాక్ష్యం దొరికింది. 2021 చివర్లో నేచర్ పత్రికలో కేథరిన్ మిల్క్‌మన్, ఏంజెలా డక్‌వర్త్ తదితరులు ఒక భారీ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో ఒక జిమ్ సంస్థకి చెందిన 61,293 మంది సభ్యుల మీద 54 రకాల ఉపాయాలు, నాలుగేసి వారాల చొప్పున. వాటిలో 45 శాతం ఉపాయాలు జిమ్ముకి వచ్చే రోజుల్ని 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. అన్నిటికన్నా ముందు నిలిచింది పెద్ద బహుమతి కాదు, ఒక రోజు తప్పినవాడు తిరిగి వస్తే ఇచ్చే చిల్లర ప్రోత్సాహకం. ఇంకో సంగతి కూడా ఆ వ్యాసంలో ఉంది, కాస్త చేదుది. నాలుగు వారాలు గడిచాక కూడా ప్రభావం మిగిలినట్టు కనిపించిన ఉపాయాలు కేవలం 8 శాతం. 54 దీక్షలు పట్టించారు, మాల తీశాక అటూ ఇటూగా నాలుగు నిలిచాయన్నమాట.

అందుకే దీక్ష దగ్గర ఆగాల్సిన పని ఉంది. ఇరవై ఒక్క రోజుల ఛాలెంజ్, తొంభై రోజుల ట్రాన్స్‌ఫర్మేషన్ అంటూ జిమ్ములు పెట్టే పోటీలన్నీ తెలిసో తెలియకో మండల దీక్షకి నకళ్లే. నకలు కాబట్టి ప్రాణం లేదు. దీక్షలో గురుస్వామి ఉంటాడు, నల్లబట్ట ఉంటుంది, దారిన పోయే ముక్కూముఖం తెలియనివాడు కూడా స్వామిశరణం అని పలకరిస్తాడు, తప్పితే అయ్యప్ప చూస్తాడన్న భయం ఉంటుంది. అన్నిటికీ మించి తారీఖు ఉంటుంది. ఇరుముడి కట్టే రోజు రాసిపెట్టి ఉంటుంది కాబట్టే మనిషి అంత బిగపట్టగలుగుతాడు. దీక్ష బలమంతా దాని అంతంలోనే ఉంది. మాల తీసిన సాయంత్రం మందు షాపు ముందు ఎవరు కనబడతారో ప్రతి ఊరికీ తెలుసు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మందిని గమనిస్తే, ఒక చిన్న పని ఆలోచించకుండా జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 పట్టేలా ఉంది. మధ్యలో ఒక్క రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. మండలం చాలా మందికి చాలదు, మండలం పూర్తయ్యాక మాల తీయడమంటే అలవాటు పాకంలో పడుతున్న సమయానికి పొయ్యి ఆర్పడమే.

సరే, కసరత్తుని నిత్యకర్మ అందాం. అప్పుడు అసలు చిక్కు వస్తుంది: కోరికే లేకపోతే మనిషి కదిలేదెలా? సుమారు ఏడో శతాబ్దంలో మీమాంసకులు రెండుగా చీలింది ఇలాంటి ప్రశ్న దగ్గరే. కుమారిల భట్టు లోకం తెలిసినవాడు. ఏదో ఒక ప్రయోజనం కనపడందే ఎంత మందమతి అయినా పనికి పూనుకోడన్నది ఆయన పక్షం. నిత్యకర్మకి కూడా ప్రయోజనం ఉంది, చేయకపోతే వచ్చే ప్రత్యవాయం, అంటే దోషం, అంటకుండా ఉండటమే అది. ప్రభాకరుడు ఒప్పుకోలేదు. విధి విధించింది, అది నా పని అని తెలిసింది, కదలడానికి ఆ తెలివిడే చాలు, ఫలం ఆశ చూపి దాన్ని బేరంలోకి దించొద్దన్నాడు.

డాక్టర్లు కుమారిలుడి శిష్యులు. గుండెకి చేసే మేలు కంటికి కనబడదు, రాని జబ్బుని ఎవరూ ఫొటో తీసి పెట్టుకోలేరు. నడిస్తే వచ్చేది స్వర్గం కాదు, నడవకపోతే వచ్చేది మాత్రం ప్రత్యవాయమే. తర్కం సరిగ్గానే ఉంది గానీ భయానికి ఆయువు తక్కువ. స్టెంటు వేయించుకున్న మొదటి నెలలో ఉన్న భయం ఆరో నెలలో ఉండదు. ఆశ పక్షం కూడా అంత గట్టిదేం కాదు. 1971లో ఎడ్వర్డ్ డెసీ విద్యార్థులకి ఇష్టంగా ఆడే ముక్కల పజిళ్లు ఇచ్చి, కొందరికి పజిలుకో డాలరు చొప్పున ఇచ్చాడు. డబ్బు ఆపేశాక, ఖాళీ వేళల్లో వాటిని ముట్టుకోవడం డబ్బు తీసుకున్నవాళ్లలో తగ్గింది.

ప్రభాకరుడి మాట వినడానికి కరకుగా ఉన్నా ఒళ్లు విషయంలో నిజానికి దగ్గరగా ఉంది. తినగా తినగా వేపాకు తియ్యబడుతుందని వేమన అన్నాడని అందరికీ తెలుసు. కొందరికి అది నిజమే, మూడు నెలలు పరిగెత్తాక పరుగు లేకపోతే తోచదు. చాలామందికి మాత్రం కసరత్తు చివరిదాకా చేదే. ఆ చాలామందిని పట్టుకుని నీకింకా ఇష్టం కలగలేదా అని అడుగుతూ కూర్చుంటే వాళ్లలో ఏదో లోపం ఉందన్న బెంగ మిగులుతుంది. వేపపుల్లతో పళ్లు తోముకునేవాణ్ని ఇవాళ మూడ్ ఉందా అని ఎవరైనా అడిగారా? ఇష్టం కలిగితే మంచిదే, కలగకపోయినా పని ఆగక్కర్లేదు అని చెప్పగలగడం నిత్యకర్మ భావనలో ఉన్న దయ.

ఇక్కడ రెండు అభ్యంతరాలు చెప్పుకోకపోతే అన్యాయం. సంధ్య వార్చే అధికారం ఎవరికి ఉండేదో, ఎవరికి లేదో తెలిసిందే. ఖరగ్‌పూర్‌కి పట్టాల వెంట వచ్చిన తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆ అధికారం పరిధికి బయటివాళ్లే. వాళ్లకి మీమాంస పాఠాలు చెప్పడంలో ఎకసెక్కెం ఉంది. కాకపోతే నిత్యం అన్నది వాళ్ల బతుకులో ఇంకో పేరుతో ముందే ఉంది: డ్యూటీ. జ్వరమొచ్చినా, వానొచ్చినా, ఇష్టమున్నా లేకున్నా. డ్యూటీకి కంపెనీ ఆజ్ఞ ఉంది, ఒంటికి ఎవరి ఆజ్ఞ అని అడిగితే ప్రభాకరుడి దగ్గర వేదం ఉంది గానీ ట్రైనరు దగ్గర లేదు. తన ఒంటికి తానే ఏమైనా బాకీ ఉంటాడా మనిషి? ఉంటాడనే కాళిదాసు పక్షాన చెబుతుంటారు. కుమారసంభవం ఐదో సర్గలో ధర్మం సాధించడానికి శరీరమే మొదటి సాధనం అన్న మాట ఉంది, వ్యాయామశాలల గోడలకి ఎక్కింది. అది ఎవరు ఎవరితో ఎందుకన్నారో గోడ చెప్పదు. ఎండలో మంటల మధ్య నిలబడి ఘోరతపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు, నీ శక్తికి తగ్గట్టే చేస్తున్నావు కదా అని ఆరా తీస్తూ అన్న మాట అది. ఇంకో సెట్టు కొట్టు అని అరిచే చోట రాసుకోదగ్గది కాదు.

ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడిదీ అదే దారి. అష్టాంగహృదయం దినచర్యాధ్యాయం బలంలో సగం మేరకే వ్యాయామం చేయమంటుంది, అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా రుతువుల్లో ఇంకా తక్కువ. నుదుటా చంకల్లో చెమట పట్టడం, నోరు ఎండటం లాంటివి సగం బలం అయిపోయిందనడానికి గుర్తులుగా వైద్య గ్రంథాలు చెబుతాయి. మే నెల ఖరగ్‌పూర్ ఉక్కలో మెట్లెక్కితేనే ఆ గుర్తులన్నీ కనబడతాయి. అక్కడ పన్నెండు నెలలూ ఒకే చార్టు నడిపించే ట్రైనరు మెంబర్లని తానే పంపించేస్తున్నాడన్నమాట.

రెండో అభ్యంతరం ఆడవాళ్ల వైపు నుంచి. లాన్సెట్ అంకెల్లో 57 శాతం దాటింది వాళ్లదే. ఎండలో నిండు ఘటం నెత్తిన పెట్టుకుని మాతాపూజలో కిలోమీటర్లు నడిచే అమ్మ, పొద్దున్నే బూట్లేసుకుని మైదానానికి వెళ్తే ఇరుగుపొరుగు తలుపు సందులోంచి చూస్తారు. అమ్మవారి కోసమైతే శ్రమ గౌరవం, తన కోసమైతే షోకు. గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు ఇందుకే చాలామంది ఆడవాళ్లకి మొదటి వ్యాయామం అయ్యాయి. అలా తిరిగే ఆవిడ చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం కడితే భక్తి తగ్గుతుందా? కొంత తగ్గుతుంది, దాపరికం ఎందుకు. అయినా తన కోసం నడవడం తప్పు కాదని ఆ ఇంట్లో ఒప్పుకునే దాకా అమ్మవారి పేరు అడ్డం పెట్టుకోవడమే తెలివి. ఆ ఒప్పుకోలు ఇంట్లోవాళ్ల బాధ్యత, దాన్ని ఆవిడ పట్టుదల ఖాతాలో వేయకూడదు.

మతాన్ని కసరత్తుకి అరువు తెచ్చుకోవడానికి ఒక హద్దు కూడా ఉంది. సెలవులకి సిక్కోలు వెళ్లినవాళ్లు అరసవల్లి సూర్యనారాయణస్వామిని చూడకుండా రారు. ఆరోగ్యం అడగాల్సింది ఆయన్నే. అక్కడ సూర్యనమస్కారాలకి టికెట్టు ఉంది. గోత్రనామాలు చెబితే భక్తుడి తరఫున అర్చకులే నమస్కారాలు చేస్తారు. చేసింది ఒకరు, పుణ్యం ఇంకొకరిది, శాస్త్రం దానికి ఒప్పుకుంటుంది. యజ్ఞంలోనూ యజమాని ఒకడు, ఋత్విక్కులు వేరు. సూర్యనమస్కారాల్ని జనసామాన్యానికి వ్యాయామంగా ప్రచారం చేసిన ఔంధ్ రాజు భవాన్‌రావు పంత్ ప్రతినిధి 1920ల నాటివాడు. అప్పటి నుంచీ ఒకే పేరుతో రెండు పనులు నడుస్తున్నాయి, ఒకటి ఇంకొకరి చేత చేయించుకోవచ్చు, ఇంకోటి కుదరదు. ట్రైనరు ఋత్విక్కు కాలేడు. మహా అయితే గురుస్వామి కాగలడు.

గురుస్వామి డబ్బు కోసం మాల వేయడు, ట్రైనరుకి ఇల్లు గడవాలి. ఇక్కడే ఈ వ్యాపారంలో ఎవరూ పైకి అనని ఇబ్బంది ఉంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు 2006లో అమెరికా జిమ్ముల లెక్కలు తీశారు. నెలకి 70 డాలర్ల పైన కట్టిన సభ్యులు సగటున నెలకి నాలుగుసార్ల కన్నా కొంచెం ఎక్కువ వచ్చారు, వచ్చిన ప్రతిసారికీ 17 డాలర్ల పైన పడింది. పదిసార్లు వచ్చే పాసు కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లతో పోయేది. రానివాడి ఫీజు మీద అద్దె కట్టుకునే చోట, అందరూ రోజూ వస్తే నిలబడటానికి జాగా ఉండదు. పురోహితుడు పూజ అయ్యాక దక్షిణ తీసుకుంటాడు, జిమ్ము మూడు నెలలది ముందే తీసుకుంటుంది. ఉత్సాహం నిలబెట్టడం ఎలా అని అడిగే ముందు, వాళ్లు నిలబడితే తనకి లాభమా నష్టమా అని యజమాని నిజాయితీగా లెక్క వేసుకోవాలి.

లాభమే అని తేలితే చేయగలిగింది మరీ ఖరీదైనదేం కాదు. నైట్ షిఫ్టుకో, సిక్కోల్లో పెళ్లికో పోయి పది రోజులు కనబడనివాడు మళ్లీ గుమ్మం తొక్కిన రోజున ఏమైపోయావ్ బాబూ అని నిలదీయకుండా, వచ్చే నెల ఫీజులో ఎంతో కొంత కొట్టేసి లోపలికి పంపించవచ్చు. 61,293 మంది మీద చేసిన ఆ ప్రయోగంలో మొదటి స్థానంలో నిలిచిన ప్రోత్సాహకం విలువ, తిరిగి వచ్చిన ఒక్కో సారికి 9 సెంట్లు. రూపాయల్లోకి మారిస్తే పది కూడా కాదు, ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారం టికెట్టుకైనా చాలదు.